మన గొంతు మనం తడిమి చూసుకుందాం

“థైరాయిడ్ అంట మేడమ్. గోలీలు రాసిచ్చిండ్రు. పొద్దున లేవంగనే పరిగడుపున ఏసుకోవాలె, గంట దాంక ఏం తినొద్దు, చాయ్ గూడ తాగొద్దు అన్నరు. గా గంట నాకు యాడ దొరుకుతది?”

ఈ ప్రశ్న అడిగిన ఆమె సంగారెడ్డిలో మా వీధిలోనే ఉంటుంది. పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద ప్యాకింగ్ పని చేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చాయ్ పెట్టుకుని తాగి, ఆ వేడితోనే ఒళ్ళు కదిలించుకుని, వంట చేసి, నీళ్ళు పట్టి, పిల్లల డబ్బాలు సర్ది, ఐదున్నరకి రోడ్డు మీద నిలబడాలి. రోజంతా ఆమె చేతుల మీదుగా వేల గోలీలు అట్టపెట్టెల్లోకి వెళతాయి. తనకి రాసిచ్చిన ఒక్క గోలీ వేసుకోవడానికి మాత్రం ఆమె దగ్గర ఒక ఖాళీ గంట లేదు.

మూడేళ్ళుగా ఆమెకి ఒంట్లో బాగాలేదు. జుట్టు ఊడింది, ఒళ్ళు పెరిగింది, నెలసరి పది రోజులు సాగేది, ఎండాకాలంలో కూడా చలి అనేది. ఇంట్లో అత్త “పనిదొంగ” అంది. సూపర్‌వైజర్ “చెయ్యి స్లో అయ్యింది” అన్నాడు. భర్త “తిని కూర్చుంటే లావెక్కవా” అన్నాడు. ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదిరిన విషయం ఒక్కటే: లోపం ఆమె స్వభావంలో ఉంది. అది మెడలోని ఒక చిన్న గ్రంథిలో ఉండొచ్చని మూడేళ్ళ పాటు ఎవరికీ తట్టలేదు. ఆమెకి కూడా తట్టలేదు. పనిదొంగ అన్న మాటని ఆమె నమ్మింది. నాకు కోపం తెప్పించింది అదే.

మనం స్త్రీవాదులం ముప్పై నలభై ఏళ్ళుగా గర్భసంచి గురించి రాశాం, అండాల గురించి రాశాం, రొమ్ముల గురించి, నెలసరి గురించి రాశాం. దేహ రాజకీయాలని కథల్లోకీ కవిత్వంలోకీ తెచ్చింది మనమే. గొంతు గురించీ రాశాం, ఎప్పుడూ ప్రతీకగానే. గొంతు విప్పాలి, గొంతు నొక్కేశారు, గొంతు కలపాలి అన్నాం. ఆ గొంతు లోపల ఏముందో మాత్రం డాక్టర్లకి వదిలేశాం. పునరుత్పత్తి అవయవాలు మాత్రమే స్త్రీ దేహం అనే పితృస్వామ్య లెక్కని ఎంత విమర్శించినా, ఆ లెక్క లోపలే మనమూ ఉండిపోయామేమో ఆలోచించుకోవాలి.

కాబట్టి ముందు మెడ సంగతి తెలుసుకుందాం. మన పాఠ్యపుస్తకాలు అవటు గ్రంథి అని పేరుపెట్టిన థైరాయిడ్, మెడ ముందు భాగంలో, స్వరపేటిక కింద, వాయునాళానికి అటూ ఇటూ రెండు రెక్కలుగా ఉంటుంది. మధ్యలో సన్నటి వంతెన లాంటి భాగం ఆ రెండిటినీ కలుపుతుంది. పెద్దవాళ్ళలో మొత్తం బరువు సుమారు 15 నుంచి 25 గ్రాములు. దాని వెనకే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు కాల్షియం సంగతి చూస్తుంటాయి. పక్కనే మాటని నడిపే నరం వెళుతుంది. థైరాయిడ్ ఆపరేషన్‌లో ఆ నరానికి దెబ్బ తగిలితే మనిషి గొంతే మారిపోతుంది. మనం ప్రతీకగా వాడుకున్న ‘గొంతు’ ఇంత భౌతికమైనది.

రక్తంలోంచి అయోడిన్‌ని పట్టి తెచ్చుకుని ఈ గ్రంథి టీ4, టీ3 అనే రెండు హార్మోన్లు తయారుచేస్తుంది. పెద్ద మనిషికి రోజుకి కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250. జీవితమంతా తిన్నదీ కలిపినా ఒక చెంచాడు. ఆ కాస్త అయోడిన్‌తో తయారైన హార్మోన్లు గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో, ఒంట్లో వేడి ఎంత ఉండాలో, పేగు ఎంత కదలాలో, నెలసరి ఎప్పుడు రావాలో, మనసు ఎంత చురుగ్గా ఉండాలో నిర్ణయిస్తాయి. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌తో దీన్ని అదిలిస్తూ ఉంటుంది. థైరాయిడ్ మందగిస్తే ఆ అదిలింపు పెరుగుతుంది. అందుకే రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువ వస్తే సాధారణంగా థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందని అర్థం. ఈ తలకిందుల లెక్కని మందు రాసేటప్పుడు ఎంతమంది డాక్టర్లు స్త్రీలకి విడమరచి చెప్తున్నారు?

తక్కువ పనిచేస్తే హైపోథైరాయిడిజం: నీరసం, చలి, మలబద్ధకం, పొడిబారిన చర్మం, అధిక రుతుస్రావం, గర్భం నిలవకపోవడం, దిగులు. ఎక్కువ పనిచేస్తే హైపర్‌థైరాయిడిజం: గుండెదడ, చెమటలు, చేతుల వణుకు, బరువు తగ్గడం, నిద్రలేమి, చిరాకు. గ్రంథి ఉబ్బితే గళగండం. లోపల గడ్డలు కట్టవచ్చు, వాటిలో చాలా భాగం క్యాన్సర్ కావు. కాన్పు అయిన ఏడాదిలోపు కొందరికి గ్రంథి వాచి, మొదట ఎక్కువగా, తర్వాత తక్కువగా పనిచేస్తుంది. ఆ బాలింతని ఇంట్లో “గాలి సోకింది” అంటారు.

ఈ లక్షణాలని ఇంకోసారి చదవండి. నీరసం, మతిమరుపు, లావు: ఇది మన సినిమాలూ కార్టూన్లూ గీసిన ‘బద్ధకస్తురాలైన పెళ్ళాం’. చిరాకు, వణుకు, నిద్రలేమి: ఇది ‘గయ్యాళి’. జబ్బు లక్షణాల పట్టికనీ ఆడదాన్ని వెక్కిరించే పట్టికనీ పక్కపక్కన పెడితే రెండూ ఒకటే అవుతాయి. అందుకే రోగ నిర్ధారణ ఆలస్యమవుతుంది. ఇంట్లోవాళ్ళకి ఆ స్త్రీ రోగిలా కనబడదు, తమకి ముందే తెలిసిన ఒక పాత్రలా కనబడుతుంది. చదువుకున్నవాళ్ళకి మాత్రం మినహాయింపు ఉంటుందని అనుకోకండి. నేను కాలేజీలో పాఠం మధ్యలో మాటలు మర్చిపోతున్నానని చెప్పినప్పుడు, నగరంలో ఒక డాక్టరు నా వయసు అడిగి, నవ్వి, “కాస్త వాకింగ్ చేయండి, టెన్షన్ తగ్గించుకోండి” అన్నాడు. టీఎస్‌హెచ్ పరీక్ష రాయించుకోవడానికి నాకు ఇంకో ఏడాదిన్నర పట్టింది.

వైద్యశాస్త్రానికి ఇది స్త్రీల జబ్బని తెలియక కాదు. 1873లో లండన్‌లో విలియం గల్ ఈ మందగింపుని వర్ణిస్తూ తన వ్యాసం పేరులోనే పెద్ద వయసు స్త్రీలు అని రాశాడు. 1912లో జపాన్‌లో హకారు హషిమోటో తన పేరుతో స్థిరపడిన జబ్బుని నలుగురు రోగుల్లో చూశాడు, నలుగురూ స్త్రీలే. 1891లో జార్జి మర్రే గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించి బాగుచేసింది 46 ఏళ్ళ స్త్రీని, ఆమె మరో 28 ఏళ్ళు బతికింది. స్విట్జర్లాండ్‌లో థియోడర్ కోచర్ 1874లో ఒక పదకొండేళ్ళ పిల్ల థైరాయిడ్‌ని పూర్తిగా తీసేశాడు. ఆమె ఎదుగుదల ఆగి, బుద్ధి మందగించింది. దాన్ని చూశాకే ఆ గ్రంథి ఎంత అవసరమో ఆయనకి తెలిసి, పూర్తిగా తీసేయడం మానుకున్నాడు. 1909లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. శాస్త్రం నేర్చుకున్నది స్త్రీల మెడల మీద, జబ్బులకి పేర్లు మాత్రం పురుషులవి.

మన దేశపు లెక్కలూ ఉన్నాయి. హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దలని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం హైపోథైరాయిడిజం 10.95 శాతం మందిలో ఉంది. స్త్రీలలో 15.86 శాతం, పురుషులలో 5.02 శాతం. అంటే ఆరుగురు స్త్రీలలో దాదాపు ఒకరు. ఆ పరీక్ష జరిగేదాకా తమకి జబ్బుందని తెలియనివాళ్ళు 3.47 శాతం. ఇవి నగరాల లెక్కలు. నగరానికి ఆనుకుని, నగరానికి కావలసినవన్నీ తయారుచేసే పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, బొంతపల్లి వంటి చోట్ల పనిచేసే స్త్రీల లెక్క ఎక్కడ?

పటాన్‌చెరు స్త్రీల హార్మోన్లు ప్రభుత్వానికి అసలు ఎప్పుడూ గుర్తురాలేదని అనలేం. 1985లో ఒకసారి గుర్తొచ్చాయి. నెట్-ఎన్ అనే ఇంజెక్షన్ గర్భనిరోధకాన్ని ప్రయోగించడానికి పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్యాంపు పెట్టారు. తాము ఒక ప్రయోగంలో భాగమవుతున్నామని అక్కడికి వచ్చిన పేద స్త్రీలకి చెప్పలేదు. హైదరాబాదు నుంచి స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు వెళ్ళి నిలదీశారు. 1986లో ఆ సంఘటన, ఢిల్లీలోని సహేలీ వంటి ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. పద్నాలుగేళ్ళ తర్వాత, 2000లో, కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్-ఎన్‌ని విస్తృతంగా వాడబోమని ప్రభుత్వం చెప్పాక ఆ కేసు ముగిసింది. ఇది మన ఉద్యమ చరిత్ర, గర్వపడాల్సిన చరిత్ర. కానీ ఇందులో ఇంకో పాఠం ఉంది. పటాన్‌చెరు స్త్రీ అంతఃస్రావ వ్యవస్థ కోసం రాజ్యం సూదీ సిరంజీ పట్టుకుని ఊరికి వచ్చింది పిల్లల్ని ఆపడానికి. ఆమె ఎందుకు అలసిపోతోందో తెలుసుకోవడానికి అదే సిరంజితో ఒక చుక్క రక్తం తీయడానికి రాలేదు.

ఇక కాలుష్యం. ఈ ప్రాంతం కథ మనందరికీ తెలుసు. పటాన్‌చెరులో వైద్యుడిగా ఉంటూ దశాబ్దాల పాటు ఈ పోరాటాన్ని మోసిన, ఈ రోజు మన మధ్య లేని డాక్టర్ ఎ. కిషన్ రావునీ తెలుసు. 1990లో సుప్రీంకోర్టులో మొదలైన కేసు హైకోర్టుకీ, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కీ నడిచింది. నక్కవాగు మంజీరలో కలిసేదాకా ఉన్న పొలాలు పాడయ్యాయని ఒప్పుకుని రైతులకి పరిహారం కట్టారు. ఎకరాల లెక్కన కట్టారు. పట్టా ఎవరి పేరున ఉందో వాళ్ళకి కట్టారు. అదే మడిలో మోకాలి లోతు నీళ్ళలో నాట్లు వేసిన, కలుపు తీసిన కూలి స్త్రీకి ఎకరం లేదు కాబట్టి నష్టమూ లేదు. నేలకి విలువ కట్టారు. ఆ నేల మీద వంగిన నడుముకి ఏ పట్టికలోనూ గడి లేదు.

నీళ్ళనీ కొలిచారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ప్రపంచం ఉలిక్కిపడింది, మందులకి లొంగని సూక్ష్మజీవులు పుడతాయని. ఆ భయం న్యాయమైనదే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచికలో పటాన్‌చెరు-బొల్లారం 70.07 మార్కులతో తీవ్ర కలుషిత ప్రాంతాల జాబితాలోకి ఎక్కింది. ఇన్ని కొలతల మధ్య, ఆ నీళ్ళు మోసిన, ఆ గాలి పీల్చిన స్త్రీల గ్రంథుల కొలత ప్రభుత్వం పెట్టుకున్న పని కాలేదు.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఒక స్త్రీ మెడ చూసి, ఇది ఫలానా వాగు వల్ల వచ్చిందని ఎవరూ చెప్పలేరు. హైపోథైరాయిడిజంలో ఎక్కువ భాగం ఒంటి రక్షణ వ్యవస్థ తన గ్రంథి మీద తానే దాడి చేయడం వల్ల వస్తుంది. నేను ఏ గొట్టం మీదా నేరం మోపడం లేదు. కానీ థైరాయిడ్ కణంలోకి అయోడిన్ వెళ్ళే ద్వారం దగ్గర పెర్‌క్లోరేట్, నైట్రేట్, థయోసయనేట్ పోటీ పడతాయని శాస్త్రానికి తెలుసు. పీసీబీల వంటి పారిశ్రామిక రసాయనాలు ఈ హార్మోన్ల పనిలో జోక్యం చేసుకుంటాయనీ తెలుసు. తెలిసినప్పుడు రసాయన పరిశ్రమల మధ్య బతికే స్త్రీలని పరీక్షించడం శాస్త్రం చేయాల్సిన కనీసపు పని. “రుజువు లేదు” అనేవాళ్ళని ఒకటే అడుగుతాను: రుజువు వెతకాల్సింది ఎవరు? నాలుగింటికి లేచే ఆమెనా?

రాజ్యం చేసిన పని ఒకటుంది, ఉప్పు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 1992లో దాని పేరు మారింది, 2006 నుంచి అయోడిన్ కలపని ఉప్పుని తినడానికి అమ్మడం మీద నిషేధం మళ్ళీ అమల్లోకి వచ్చింది. ఎన్నో లక్షల మంది పిల్లల మెదడుని కాపాడిన మంచి పని ఇది, కాదనను. కానీ ఉప్పుతో బాధ్యత అయిపోయినట్టు, మిగతాదంతా వంటింటి తప్పన్నట్టు మాట్లాడడం మొదలైంది. క్యాబేజీ తిన్నావా, సోయా తిన్నావా, సజ్జలు తిన్నావా? సజ్జల్లో థైరాయిడ్‌ని అడ్డుకునే పదార్థాలున్న మాట నిజమే, సూడాన్‌లోని డార్ఫర్‌లో అధ్యయనాలు జరిగాయి. అది అయోడిన్ కరువై, మూడు పూటలా అవే తినేచోట సంగతి. అయోడిన్ ఉప్పు తింటూ వారానికోసారి సజ్జరొట్టె తినే స్త్రీని బెదిరించడానికి అది పనికిరాదు. 1972 నుంచి ఇక్రిశాట్ పటాన్‌చెరులోనే ఉండి సజ్జ మీదా జొన్న మీదా పరిశోధన చేస్తోంది. గింజకి అంత శ్రద్ధ దొరికిన ఊళ్ళో గింజ తినే స్త్రీకి దొరికింది పథ్యాల జాబితా.

మరో వైపు వ్యాపారం. అదే ఊళ్ళో ప్రైవేటు ల్యాబులు ‘ఫుల్ బాడీ ప్యాకేజీ’ అని బోర్డులు పెట్టాయి. కాస్త పెరిగిన టీఎస్‌హెచ్ కనబడగానే జీవితాంతం గోలీ, మెడకి స్కాన్. దక్షిణ కొరియాలో ఇలా ఆరోగ్యవంతుల మెడలు స్కాన్ చేసుకుంటూ పోతే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి, మరణాలు మాత్రం మారలేదు. ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళలో అత్యధికులు స్త్రీలు. ప్రతి అలసటా థైరాయిడ్ కాదు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి, ఇంటికొచ్చి మళ్ళీ పనిచేసి, ఐదు గంటలు పడుకునే స్త్రీకి అలసట రాకపోతే అది జబ్బు. ఆమె శ్రమని గ్రంథి మీదికి నెట్టడం ఒక మోసం, ఆమె గ్రంథి జబ్బుని బద్ధకం అనడం ఇంకో మోసం. రెండూ ఒకే పని చేస్తాయి, ఆమె మాట వినకుండా ఆమె గురించి తీర్పు చెప్తాయి.

మళ్ళీ ఆ ఖాళీ గంట దగ్గరికి వస్తాను. లెవోథైరాక్సిన్ చవక మందు, మన అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది. అన్నంతో, చాయ్‌తో, కాఫీతో కలిస్తే సరిగా ఒంటికి పట్టదు. ఐరన్, కాల్షియం గోలీలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. కానీ రక్తం తక్కువని అదే స్త్రీకి ఐరన్ గోలీలు ఇస్తారు, రెండూ ఒకే పొట్లంలో వేసి. పొద్దున కుదరకపోతే రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత, పడుకునేముందు వేసుకునే పద్ధతి ఉందని, డాక్టరుని అడిగి అలా మార్చుకోవచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను చెబితే ఆమె నవ్వింది. “అందరు తిన్నంక నేను తినేటాళ్లకే పదైతది మేడమ్.” మందు రాసేవాళ్ళ ఊహలో రోగికి ఒక వేళ ఉంటుంది, ఆ వేళకి వండిపెట్టే ఇంకో మనిషి ఉంటుంది. ఆ ఇంకో మనిషే రోగి అయితే ఏం చేయాలో ఏ చీటీలోనూ రాసి ఉండదు.

ఇంకో దాపరికమూ ఉంది. పెళ్ళి కావలసిన పిల్లకి థైరాయిడ్ ఉందంటే “పిల్లలు పుట్టరట” అని సంబంధాలు వెనక్కి పోతాయి. అందుకని గోలీ సీసా బియ్యం డబ్బాలో దాక్కుంటుంది. పెళ్ళయ్యాక అత్తింట్లో వేసుకోవడానికి భయపడి మానేస్తుంది. నిజానికి మందు సరిగా వాడితే గర్భం ధరించడానికి అడ్డు తగ్గుతుంది, మానేస్తేనే ప్రమాదం. గర్భంలో మొదటి నెలలు బిడ్డ మెదడు తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. 2014లో కేంద్రం గర్భిణుల థైరాయిడ్ పరీక్షకి మార్గదర్శకాలు ఇచ్చింది, అందరికీ కాదు, ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళకే. ముప్పు జాబితాలో అయోడిన్ కొరత ఉన్న ప్రాంతం ఉంది, స్థూలకాయం ఉంది, గర్భస్రావాలున్నాయి. ఆమె ఏం పని చేస్తుంది, ఏ రసాయనాల మధ్య నిలబడుతుంది అన్న ప్రశ్న లేదు. కార్మికురాలు గర్భిణి కాగానే ఆమె పని మాయమైపోతుంది.

కాబట్టి నా డిమాండ్లు సాదాసీదావి. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా పారిశ్రామిక గ్రామాల్లోని ప్రతి గర్భిణికీ మొదటి పరీక్షల్లోనే టీఎస్‌హెచ్ చేయాలి. పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ నుంచి చుక్క రక్తం తీసి చూడాలి. థైరాయిడ్ లోపంతో పుట్టిన బిడ్డకి వెంటనే మందు మొదలుపెడితే మామూలుగా ఎదుగుతుంది, ఆలస్యమైతే పోయిన బుద్ధి తిరిగి రాదు. కంపెనీ గేటు దగ్గర కాంట్రాక్టు స్త్రీకి చేసే పరీక్ష ‘ఫిట్’ ముద్ర కోసం కాకుండా ఆమె కోసం జరగాలి, ఆ కాగితం ఆమె చేతికి రావాలి. ఈ ఊళ్ళ స్త్రీలనీ, పరిశ్రమలు లేని ఊళ్ళ స్త్రీలనీ పోల్చి ప్రభుత్వం లెక్క తీసి బయటపెట్టాలి. ఆ లెక్కలో థైరాయిడ్ ఎక్కువ లేదని తేలితే సంతోషమే. లెక్క తీయకుండా లేదనడం మాత్రం ఒప్పుకోం.

మనకీ పనుంది. 1990ల మొదట్లో ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం తెలుగు స్త్రీల చేతికి వచ్చినప్పుడు, మన దేహం గురించి మన మాటల్లో తెలుసుకోవడం రాజకీయమే అని నేర్చుకున్నాం. ఆ పని మధ్యలో వదిలేశాం. సభల్లో వేదికెక్కి గొంతు గురించి మాట్లాడే మనలో ఎంతమంది పొద్దున్నే ఆ గోలీ మింగి, ఎవరితోనూ అనకుండా వచ్చి కూర్చుంటున్నాం? ఒకసారి చేతులెత్తి లెక్కపెట్టుకుందాం.

మొన్న ఆదివారం ఆమె వచ్చింది. మా ఇంట్లో అద్దం ముందు నిలబెట్టి, గడ్డం కాస్త పైకెత్తమని, నోట్లో నీళ్ళు పోసుకుని మింగమని, మింగేటప్పుడు మెడ కింది భాగంలో ఏదైనా ఉబ్బు పైకి కదులుతోందేమో చూసుకోమని చెప్పాను. చూసుకుంది. తర్వాత నా మెడ మీద చెయ్యి పెట్టి, “మీది గూడ చూస్త మేడమ్, మింగుండ్రి” అంది. మింగాను. వచ్చే ఆదివారం వీధిలో ఇంకో నలుగుర్ని తీసుకొస్తానంది.